బుడమేరుకి కట్టలొక్కటే చాలవు, నడిచే మోడల్ కూడా కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

నేను విజయవాడ పాయకాపురంలో ఉంటాను. 31 ఏళ్ళు ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ మెయింటెనెన్స్ చేసి రిటైరయ్యాను, అంటే ప్రెజర్ గేజీలు, లెవెల్ ట్రాన్స్‌మిటర్లు, కంట్రోల్ వాల్వులు, వీటితోనే నా సర్వీసంతా గడిచిపోయింది. చదివింది ఐటీఐ. ఉత్తరం బాగా పొడుగైంది, మొత్తం వేసే జాగా లేకపోతే మధ్యలో ఎక్కడైనా కత్తిరించండి గానీ చివరి పేరా మాత్రం తీసెయ్యొద్దు, అసలు నేను రాయటం మొదలుపెట్టిందే దాని కోసం.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. ఆ రోజు ఈ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, వాంబే కాలనీ, మా పాయకాపురం అంతా బుడమేరు వాగు వరద కింద ఉన్నాం. పొద్దున వీధిలో పాదాలు తడిసేంత ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి గడప దాటి సాయంత్రానికి ఫ్రిజ్‌ని తేల్చేశాయి, మేం పైన అద్దెకుండేవాళ్ళ ఇంట్లోకి ఎక్కి కూర్చున్నాం, మొత్తం పదకొండు మందిమి, అందులో ఒక బాలింత. నన్ను బాగా కుదిపేసింది నీళ్ళు కాదండి. అందరం అడుగుతున్న ప్రశ్న ఒక్కటే, "ఇంకా ఎంత పెరుగుద్ది? రాత్రికి ఈ మెట్టు దాటిద్దా?" ఫోన్లో చార్జింగ్ ఉన్నంతసేపు తెలిసినవాళ్ళకీ, వాళ్ళకి తెలిసినవాళ్ళకీ చేస్తూనే ఉన్నాను. ఒకాయన కాలవ సంగతి చెప్పాడు, ఒకాయన కృష్ణలో ఎంత వస్తుందో చెప్పాడు, ఒకాయన కరెంటు ఎందుకు తీసేశారో చెప్పాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరి పని వాళ్ళు నిద్ర లేకుండా చేస్తున్నారు కూడా. కానీ అవన్నీ కలిపి మా మెట్టు దగ్గర ఏం జరగబోతుందో చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. ఎవరికి వారే యమునా తీరే అంటారే, అక్కడ నీరు మాత్రం అందరిదీ ఒకటే.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకి పోయే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ ఉంది, అంటే గేట్లతో నీళ్ళని అదుపు చేసే కట్టడం, అక్కణ్ణించి ఒక డైవర్షన్ కాలవ తవ్వి వరదని ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలో కలిపారు, అంటే ప్రకాశం బ్యారేజీకి ఎగువన. మామూలు రోజుల్లో ఇది మంచి ఏర్పాటే. కానీ కృష్ణే నిండుగా ఉంటే? పల్లంలో ఉన్న తొట్టి నిండిపోతే పైనున్న పైపులో నీళ్ళు వెనక్కి తంతాయి, ఇది ఏ ప్లంబర్ని అడిగినా చెప్తాడు. ఆ సెప్టెంబర్ 2న బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ కట్టినాక ఎన్నడూ చూడనంత. దాన్ని డిజైన్ చేసిందే 11.90 లక్షలకి. డెబ్భై గేట్లూ ఎత్తేసి ఉన్నాయి, ఆ మీదట పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లని, అంటే గేట్లు ఎత్తటానికి సాయంగా ఉండే బరువుల్ని గుద్దాయి. డైవర్షన్ కాలవకి ఎడమ కట్ట మూడు చోట్ల తెగింది, ఆర్మీ వాళ్ళొచ్చి పూడ్చాల్సొచ్చింది.

కొంతమంది అప్పట్లో అన్నారు, బ్యారేజీలో నీళ్ళు కాసేపు ఆపి బుడమేరుని తగ్గనివ్వొచ్చు కదా అని. కాగితం తీసుకుని లెక్కేద్దాం. బ్యారేజీలో పట్టే నీళ్ళు సుమారు 3 టీఎంసీలు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 11.43 లక్షల క్యూసెక్కులు అంటే సెకనుకి అన్ని ఘనపుటడుగులు. భాగిస్తే ముప్పావు గంట కూడా రాదు. మొత్తం ఖాళీగా ఉన్న బ్యారేజీ కూడా ముప్పావు గంటలో నిండిపోద్ది! అంటే బ్యారేజీ దగ్గర ఆపటానికి ఏం లేదు, ఏం చెయ్యాలన్నా పైన శ్రీశైలం, నాగార్జున సాగర్, పులిచింతల దగ్గర ముందే చెయ్యాలి, అదీ మధ్యలో మున్నేరు ఎంత తెస్తుందో అంచనా వేసుకుని, ఎందుకంటే పులిచింతల కింద కలిసే మున్నేరుకి మన చేతిలో తాళం లేదు. ఇటు గట్టున బుడమేరు, అటు గుంటూరు గట్టున కొండవీటి వాగు, దాన్ని ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కుల పంపులు పెట్టి కృష్ణలోకే ఎత్తి పోస్తారు. వాన ఒకేసారి కురిస్తే ఈ గట్టూ ఆ గట్టూ కూడా నా నీళ్ళు తీసుకోమని ఒకే నదిని ఒకే గంటలో అడుగుతాయి.

నేనిప్పుడు చేసిన ఆ భాగహారం ఉందే, దాన్నే మోడల్ అంటారండి. వచ్చేది, పోయేది, మిగిలేది. మీ మేడ మీద ట్యాంకుకి కూడా ఇదే మోడల్, మోటర్ ఎంత పోస్తుంది, కుళాయిలు ఎంత తాగుతున్నాయి, ఎంతసేపట్లో పొర్లుద్ది. కాకపోతే ట్యాంకు ఒకటైతే చేతివేళ్ళ మీద అయిపోద్ది, ట్యాంకులు యాభై, వాటి మధ్య కాలవలు, కల్వర్టులు, రైలు కట్టలు, రోడ్లు, పంపు హౌసులు, ఆ పంపులకి కరెంటిచ్చే సబ్‌స్టేషన్లు, ఆ సబ్‌స్టేషన్ మునిగితే ఆగే పంపులు, పంపులాగితే ఇంకా మునిగే సబ్‌స్టేషన్... ఇలా గొలుసు చుట్టూ తిరిగొస్తే ఎంత మేధావైనా తలలో పెట్టుకోలేడు. దానికే కంప్యూటర్లో మోడల్ కావాలి. మాకు కరెంటు తీసేసింది ప్రాణాలు కాపాడటానికే, షాక్ కొట్టకుండా, సరైన పనే, కానీ కరెంటు పోయిన మర్నాటికి ఫోన్లు పోయాయి, ఫోన్లు పోయేసరికి పడవ ఏ సందులోకి రావాలో చెప్పే దారి పోయింది. కరెంటు మ్యాపులో చూస్తే సరైన నిర్ణయం, పడవల మ్యాపులో చూస్తే దెబ్బ. రెండు మ్యాపులూ ఒకే బల్ల మీద పరిచుంటే ఏదో ఒకటి ముందే ఆలోచించేవాళ్ళు, కనీసం వార్డుకో జెనరేటరూ నాలుగు చార్జింగ్ పాయింట్లూ మేడ మీదకి ఎక్కించేవాళ్ళు.

మా మేనకోడలు బెంగుళూరులో విమానాల పార్టులు డిజైన్ చేసే కంపెనీలో చేస్తది. వరద తగ్గాక మమ్మల్ని చూట్టానికొచ్చి, బురద కడుగుతూ కడుగుతూ అంది, "మావయ్యా, మీ ఊరికి లేంది ఇంజనీర్లు కాదు, సిస్టమ్ మోడల్ లేదు." అదేంటమ్మా అంటే చెప్పింది. ఇదివరకు విమానం డిజైన్ అంటే గదుల నిండా కాగితాలంట, రెక్కలవాళ్ళ ఫైలు వేరు, చక్రాలవాళ్ళది వేరు, కరెంటువాళ్ళది వేరు, ఒకళ్ళు ఒక అంకె మారిస్తే మిగతావాళ్ళకి తెలిసేది మీటింగులోనే, ఒక్కోసారి అప్పుడూ తెలిసేది కాదు. ఇప్పుడు అందరికీ కలిపి ఒక మోడల్. అందులో ఏ పార్టు ఎందుకుంది, దేనికి కలిసుంది, ఏ అవసరం తీర్చటానికి పెట్టారు, ఎవరిది బాధ్యత అన్నీ తీగల్లాగా ముడేసి ఉంటాయి. చక్రం బరువు రెండు కేజీలు పెంచితే అది ఎక్కడెక్కడ తగులుతుందో ఆ తీగ లాగితే డొంకంతా కదుల్తది. దీన్ని మోడల్ బేస్డ్ సిస్టమ్స్ ఇంజనీరింగ్ అంటారంట, దాని కోసం గీసే భాష కూడా ఒకటుంది, సిస్ ఎమ్మెల్ అని. లెక్కలు వేసే మోడల్ ఒకటి, ఎవరు ఎవరితో ముడిపడ్డారో చూపించే మోడల్ ఒకటి, రెండూ కావాలి మావయ్యా, ఊరికే నీళ్ళ లెక్కొకటే వేసుకుంటే ఆ లెక్క చూసి గేటెత్తమని ఎవరు ఎవరికి చెప్పాలో తేలదు అంది. నాకు ఆ మాట బాగా పట్టేసింది.

ఎందుకంటే నా సర్వీసులో ఒక సంఘటన ఉంది. ఫ్యాక్టరీ పేరు చెప్పను. యాన్యువల్ షట్‌డౌన్లో ఒక లైను విప్పాలి. డ్రాయింగ్ చూసి అటు వాల్వు, ఇటు వాల్వు బిగించి ఐసోలేషన్ చేశాం, వర్క్ పర్మిట్ మీద సంతకాలయ్యాయి, ఫ్లాంజ్ (రెండు పైపులు కలిసే అతుకు) బోల్టులు వదులు చేస్తున్నాం. వేడినీళ్ళు చిమ్మాయి. మా హెల్పర్ కుర్రాడి చెయ్యి మోచేతి దాకా బొబ్బలు. తర్వాత తెలిసిందేంటంటే పదేళ్ళ కిందట ఎవరో అవసరం కొద్దీ ఒక బైపాస్ లైను, అంటే వాల్వుని తప్పించి పోయే పక్కదారి పైపు, వెల్డింగ్ చేశారు, అది డ్రాయింగ్‌లో ఎక్కించలేదు. పైపు ఉంది, కాగితం మీద లేదు. మేం కాగితాన్ని నమ్మాం. ఆ రోజు నుంచి నేను రిటైరయ్యేదాకా డ్రాయింగ్ పట్టుకుని లైను వెంట నడవకుండా ఒక్క బోల్టు కూడా ముట్టుకోలేదు, తేడా కనిపిస్తే డ్రాయింగ్ మీదే దిద్దటానికి ఎర్ర పెన్ను జేబులో లేకుండా ప్లాంటులోకి వెళ్ళలేదు.

మరి ఊరికి ఎర్ర పెన్ను ఎవరి జేబులో ఉందండి? కాలవ కాగితం మీద ఉన్నంత వెడల్పు ఇవాళ ఉందా, పూడిక ఎంత, ఆక్రమణ ఎంత, ఏ కల్వర్టు కింద కేబుళ్ళూ పైపులూ వేసి సగం మూసేశారు, ఏ లేఅవుటు మట్టి తోలి మెరక చేసింది, ఆ మెరక వల్ల పక్క వీధికి ఎన్ని అంగుళాలు పెరుగుద్ది? వీటిలో ప్రతి ఒక్కటీ ఒక బైపాస్ లైనే.

పాత లెక్కని కొత్త చోట వాడితే ఏమయిద్దో యూరప్ వాళ్ళ ఏరియాన్ 5 రాకెట్ చెప్తది. 1996 జూన్ 4న మొదటిసారి ఎగిరింది, 40 సెకన్లు కూడా గడవకుండానే ముక్కలైంది. కారణం ఒక సాఫ్ట్‌వేర్ ముక్క. అది అంతకుముందు ఏరియాన్ 4లో బ్రహ్మాండంగా పనిచేసింది, అందుకే మార్చకుండా దీన్లో పెట్టేశారు. కొత్త రాకెట్ నేలకి సమాంతరంగా పోయే వేగం ఎక్కువ, ఆ అంకె పాత ప్రోగ్రాం ఉంచిన గడిలో పట్టలేదు, దారి చూపించే కంప్యూటరే ఆగిపోయింది. కొత్త రాకెట్ దారి ఎలా ఉంటుందో ఆ అంకెలు పెట్టి నేల మీదే ఒకసారి ఉత్తుత్తిగా నడిపించి చూసుంటే అక్కడే బయటపడేది. మన మురుగు కాలవల సైజులు వేసినప్పుడు ఈ ఊరు ఇంత లేదు, ఇన్ని సిమెంటు రోడ్లు లేవు, వాన పడితే సగం నేల తాగేది. ఇప్పుడు చుక్క ఇంకట్లేదు, ఆ సైజులు మాత్రం కొన్ని చోట్ల అవే. బుడమేరు కట్టలు బలం చేస్తున్నారు, డైవర్షన్ కాలవ వెడల్పు చేస్తామంటున్నారు, సంతోషం, చెయ్యాలి. కానీ వెడల్పు చేసిన కాలవ కృష్ణలోకి ఇంకా ఎక్కువ తీసుకెళ్తది, కృష్ణ 11 లక్షల మీదున్న రోజున కూడా అది దిగుద్దా, వెనక్కి తంతే ఎక్కడ పొర్లుద్ది? తవ్వకముందే మోడల్లో వంద సార్లు వరద తెప్పించి చూసుకోవచ్చు, అక్కడ ఎవరి ఫ్రిజ్జూ తేలదు.

ఇదేదో నిన్న మొన్న కంప్యూటర్లతో వచ్చిన సరదా కాదు. హాలండ్ వాళ్ళు జౌడర్‌జీ అనే సముద్రపు పాయకి అడ్డంగా 32 కిలోమీటర్ల కట్ట వేద్దామనుకున్నారు. కట్ట వేస్తే బయట ఉన్న ఊళ్ళకి ఆటుపోట్లు ఎంత పెరుగుతాయో, తుఫానప్పుడు వాళ్ళ గట్లు ఎంత ఎత్తు చెయ్యాలో ముందు తేల్చమని 1918లో ఒక కమిటీ వేశారు. దానికి పెద్ద ఎవరంటే లోరెంజ్, 1902లో ఫిజిక్స్ నోబెల్ వచ్చినాయన. ఐన్‌స్టీన్ అంతటివాడు గౌరవించిన మనిషి ఎనిమిదేళ్ళు కూర్చుని కాలవల్లో నీళ్ళు ఎటు పోతాయో చేత్తో లెక్కలేశాడు, 1926లో రిపోర్టిచ్చాడు, 1932లో కట్ట మూసినాక చూస్తే ఆయన చెప్పిన అంకెలకి చాలా దగ్గరగా వచ్చాయి. మన దేశంలోనూ పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో 1916లో మొదలైన జలపరిశోధన కేంద్రం ఉంది, పోలవరం స్పిల్‌వేకి కూడా అక్కడే చిన్న సైజు నమూనా కట్టి నీళ్ళు వదిలి చూశారు. నాగార్జున సాగర్ కోసం తపించిన కె.ఎల్.రావు గారు మన పక్కన కంకిపాడులో పుట్టినాయనే, విజయవాడ ఎంపీగా చేశారు. అంటే ఆనకట్టకి మోడల్ చెయ్యటం మనకి కొత్త కాదు. ఆనకట్టా, వాగూ, ఊరూ, కరెంటూ కలిపి ఒకటిగా చేసి, కట్టేశాక కూడా దాన్ని బతికించి ఉంచటం కొత్త.

డబ్బుల సంగతి అడుగుతారు. నదిలో నీటిమట్టాలు లెక్కేసే హెక్ రాస్, ఊళ్ళో వాన నీళ్ళు డ్రెయిన్లలో ఎలా పారతాయో చూసే స్విమ్, ఈ రెండు సాఫ్ట్‌వేర్లూ అమెరికా ప్రభుత్వ సంస్థలు చేసినవి, ఉచితం, స్విమ్ అయితే 1971 నుంచి ఉంది. సాఫ్ట్‌వేర్‌కి పైసా అక్కర్లేదు, ఖర్చంతా కొలతలకే. ఆ కొలతలు తియ్యటానికి విజయవాడ గుంటూరు మధ్య ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, సివిల్ పిల్లలు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అని ఏదో ఒకటి చెయ్యాల్సిందే కదా, ఒక్కో బ్యాచికి ఒక్కో డ్రెయిను ఇచ్చి లెవెల్స్ తియ్యమనండి, గుంటూరు పిల్లలకి పీకలవాగు ఇవ్వండి. ఇంజనీర్లు సరిచూసి మోడల్లో ఎక్కించుకోవచ్చు. అందరూ ఒకే కొలతలో, ఒకే బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే ఖాయంగా తెలిసిన గుర్తు) నుంచి ఇవ్వాలి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా, ఒకళ్ళు అడుగుల్లో ఒకళ్ళు మీటర్లలో ఇస్తే కొంప మునుగుద్ది, 1999లో అమెరికా అంగారకుడి మీదకి పంపిన ఆర్బిటర్ పోయింది ఇలా రెండు రకాల కొలతలు కలిసిపోయినందుకే. ప్రతి ఏడూ మే నెలలో, వానలకి ముందు, నీటిపారుదల, కార్పొరేషన్, కరెంటు, రైల్వే, పోలీసు అందరూ ఒకే గదిలో కూర్చుని ఆ మోడల్‌ని నడపాలి, 2024 వానే మళ్ళీ పడితే ఏ గంటకి ఎవరేం చెయ్యాలో అని. రిజల్టు పేపర్లో వెయ్యాలి, ఏ వీధికి ఎన్ని గంటల టైముంటుందో మాకు తెలియాలి.

మా వీధిలో ఒక పెద్దాయన అన్నారు, కంప్యూటర్లో బొమ్మలేస్తే వరద ఆగిద్దా అని. ఆగదు బాబాయ్ గారూ. మోడల్ తప్పు కూడా చెప్పొచ్చు, వాన మనం అనుకున్న చోట కాకుండా పది కిలోమీటర్లు అవతల పడొచ్చు. అందుకే మోడల్ ఏం అనుకుని లెక్కేసిందో కూడా పక్కనే రాసి పెట్టాలి, వరద వచ్చి పోయిన ప్రతిసారీ అది చెప్పిందీ జరిగిందీ పక్కపక్కన పెట్టి దిద్దాలి. గేజీ కూడా తప్పు చూపిస్తది, అలాగని గేజీ పీకేసి బాయిలర్ నడపం కదా, ఏడాదికోసారి క్యాలిబ్రేషన్ చేస్తాం, అంటే సరైన కొలతతో పోల్చి దిద్దుతాం.

క్యాలిబ్రేషన్ అంటే గుర్తొచ్చింది, చివరికి అసలు విషయం. మోడల్ కరెక్టా కాదా అని సరిచూసుకోవటానికి దేనికన్నా గట్టి సాక్ష్యం వరద గోడల మీద వదిలిన గీత. ఏ వీధిలో నీళ్ళు ఎంత ఎత్తు దాకా నిలిచాయో ఆ గీతే చెప్తది, ఏ రికార్డులోనూ అంత వివరంగా ఉండదు. మా చుట్టుపక్కల చాలామంది ఇళ్ళకి రంగులేసేసుకున్నారు, వాళ్ళ తప్పేం లేదు, ఆ గీత రోజూ చూస్తూ బతకటం కష్టం. నేను మాత్రం మా ముందు గదిలో ఒక గోడ అలాగే వదిలేశాను, మా ఆవిడ ఎంత పోరినా. గడప పై అంచు నుంచి గీత దాకా టేపు పెట్టి మూడు సార్లు కొలిచాను, 4 అడుగుల 7 అంగుళాలు. కానీ నా గడప సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో నా టేపు చెప్పలేదు, దానికి ఆటో లెవెల్ (ఎత్తుల తేడా కొలిచే సర్వే పరికరం) తెచ్చి బెంచ్‌మార్క్ నుంచి ఎవరైనా కొలవాలి, అరగంట పని. మీ పేపర్ చదివే ఇంజనీర్లు గానీ, కాలేజీ పిల్లలు గానీ, ఆఫీసర్లు గానీ ఎవరొచ్చినా సరే. ఇంకా గీతలు చెరపని ఇళ్ళవాళ్ళు కూడా రంగు వెయ్యబోయే ముందు ఒక మేకు కొట్టి, కొలత, తేదీ రాసి పెట్టుకోండి. మా అమ్మాయి పెళ్ళి కుదిరింది, సంక్రాంతి లోపు ఇల్లంతా సున్నం వెయ్యాల్సిందే, ఇంక నేను ఆపలేను. ఈలోపు రండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్,
పాయకాపురం, విజయవాడ